చార్జర్ పీకండి, గీజర్ వదిలేయండి

ముందుగా ఇంట్లో ఒకరిని చార్జర్ల మీద ఇన్‌స్పెక్టరుగా వెయ్యండి. పెద్దవాళ్లయితే మంచిది. మోకాళ్లు సహకరించకపోయినా ఫర్వాలేదు, గొంతు సహకరించాలి. ఫోను తీసేశాక చార్జరు గోడకే ఉండిపోయిందా, దాని స్విచ్చు వేసే ఉందా అని చూడటం, ఉంటే "కరెంటు ఎవరబ్బ సొమ్మనుకుంటున్నారు?" అని హాల్లోంచి పెరటిదాకా వినబడేలా అడగటం, ఇవీ ఆ పదవి బాధ్యతలు. అలా అడిగేటప్పుడు ఇన్‌స్పెక్టరుగారి నెత్తిమీద పాతకాలం 75 వాట్ల ఫ్యాను అయిదో నంబర్లో తిరుగుతూ ఉండాలి. పక్కగదిలో మనుషులెవరూ లేకుండా ఏసీ నడుస్తుంటే మరీ మంచిది. గీజరు ఎర్రలైటు పొద్దున అయిదింటి నుంచీ వెలుగుతూనే ఉండొచ్చు. అవేవీ ఇన్‌స్పెక్టరుగారి పరిధిలోకి రావు.

ఈ పద్ధతివల్ల ఇంటికి ఎంత కలిసొస్తుందో ముందే చెప్పేస్తాను. తర్వాత నన్ననుకోవద్దు. ఇప్పుడొచ్చే స్మార్ట్‌ఫోన్ చార్జరు, ఫోను తగిలించకుండా ఊరికే గోడకున్నప్పుడు లాగేది వాట్‌లో పదోవంతు, లేదా అంతకంటే తక్కువ. యూరప్‌లోనూ అమెరికాలోనూ ఈ సైజు చార్జర్లకి చట్టం గీసిన గీతే 0.1 వాట్. ఏడాది పొడుగునా, రాత్రీ పగలూ, సంక్రాంతికి మీరు ఊరెళ్లిన వారం రోజులు కూడా అది గోడకే వేలాడుతూ ఉందనుకుందాం. కాలే కరెంటు 0.88 యూనిట్. యూనిట్ ఆరు రూపాయలేసుకుంటే అయిదు రూపాయల పాతిక పైసలు. నాలుగు చార్జర్లున్న ఇంట్లో ఇరవై ఒక్క రూపాయలు, సంవత్సరానికి.

చాలామంది ఈ లెక్క దగ్గరే నీరుగారిపోతారు. మీరు నీరుగారకండి. అసలు లెక్క వెయ్యకపోవడమే ఈ విద్యకి పునాది. వేసిన పాపానికి ఒకాయన ఏం చేశాడో వినండి. కేంబ్రిడ్జిలో డేవిడ్ మెకే అని ఒక ఫిజిక్స్ ప్రొఫెసరుండేవాడు. 2016లో పోయాడు. 2008లో ఇంధనాల మీద ఒక లావుపాటి పుస్తకం రాసి, అందులో చార్జర్ల మీద పడ్డాడు. ఆయన లెక్క ఏమిటంటే, ఒక రోజంతా చార్జరు కట్టేసి ఉంచితే మిగిలే శక్తి, కారు ఒక్క సెకను నడిస్తే ఖర్చయిపోతుంది. ఆయన వేసుకున్నది అప్పటి చార్జర్ల లెక్క, ఇప్పటివి అందులో అయిదోవంతు కూడా తాగవు. పైగా ఆ పుస్తకాన్ని ఎవరైనా చదువుకోవచ్చని ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టేశాడు. ఇలాంటివాళ్ల వల్లే ఇన్‌స్పెక్టర్ల ఉద్యోగాలు పోయేది.

కారు లెక్క మనకెందుకంటారా, మోటార్‌సైకిల్‌తో వేద్దాం. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిదిన్నర యూనిట్ల శక్తి ఉంటుంది. యాభై మైలేజీ ఇచ్చే బండి మీద అయిదు కిలోమీటర్లు తిరిగొస్తే వంద మిల్లీలీటర్లు అయిపోతాయి. చార్జరు ఏడాదిపాటు గోడకి వేలాడి తాగేదానికన్నా అది ఎక్కువే. కాబట్టి చార్జరు పీకేసి, ఆ సంతోషంలో నాలుగిళ్ల అవతల కిరాణా కొట్టుకి కరివేపాకు కోసం బండి తీయండి. నడిచి వెళ్తే మాత్రం పద్ధతి చెడిపోతుంది.

న్యాయంగా చెప్పాలంటే ఈ చార్జరు భయం గాల్లోంచి ఊడిపడింది కాదు. లోపల ఇనుపరేకులూ రాగితీగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌తో వచ్చే పాత చార్జర్లు గుర్తున్నవాళ్లకి అవి ఎంత బరువుండేవో కూడా గుర్తుంటుంది. వాటికి పనున్నా లేకపోయినా ఒళ్లు గోరువెచ్చగా ఉండేది. ఆ వెచ్చదనమంతా మన కరెంటే, వాట్ రెండు వాట్ల లెక్కన. టీవీలు, వీసీఆర్లు, స్టీరియోలు ఆపేశామనుకున్నా అంతకంటే ఎక్కువే లాగేవి. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో పనిచేసే అలన్ మయర్ అనే ఆయన, ఊరికే ఉన్న ఏ పరికరమూ ఒక్క వాట్‌కి మించి తాగకూడదని 1998లో ప్రతిపాదించాడు. మరుసటేడు అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని నెత్తికెత్తుకుంది. 2001లో అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ ఈ పరికరాలని రక్తం పీల్చే పిశాచాలతో పోల్చి, ప్రభుత్వ కార్యాలయాలు తక్కువ తాగేవే కొనాలని ఉత్తర్వు ఇచ్చాడు. యూరప్ 2010లో ఒక వాట్ అని, 2013లో అర వాట్ అని చట్టమే చేసింది. అలా ఆ పిశాచాన్ని ఇంజనీర్లూ చట్టాలూ కలిసి దాదాపు సీసాలో పెట్టేశారు.

మీరు మాత్రం 1999 నాటి భయాన్ని మడత నలగకుండా దాచుకోండి. ఇప్పటికీ మారని వాటి జోలికి వెళ్లకండి. వాటిలో మొదటి మర్యాద సెట్‌టాప్ బాక్సుకి దక్కాలి.

రాత్రి సీరియల్ అయ్యాక రిమోట్‌తో టీవీ ఆపుతారు కదా, అక్కడితో ఆగండి. టీవీ పడుకుంది. బాక్సు పడుకోలేదు. దాని ఎర్రచుక్కని చూసి పడుకుందనుకుంటాం గానీ, చాలా బాక్సులు మేలుకుని ఉన్నప్పుడెంత లాగుతాయో కునికేటప్పుడూ ఇంచుమించు అంతే లాగుతాయి. అర్ధరాత్రి చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, వెచ్చగా ఉంటుంది. పది వాట్లు అనుకుంటే ఏడాదికి 87 యూనిట్లు దాటుతుంది. అంటే వంద ఖాళీ చార్జర్లు ఏడాదంతా గోడకి వేలాడినంత. వంద చార్జర్లు వేలాడే గోడ ఎదురుగా ఉంటే ఇన్‌స్పెక్టరుగారికి గుండె ఆగిపోయేది. బాక్సు ఒక్కటే, నల్లగా, పైన లేసుగుడ్డ కప్పుకుని ఉంటుంది గనక ఎవరికీ అనుమానం రాదు.

దాని ప్లగ్గు పాయింటుని టీవీ వెనకాల, గోడకీ బల్లకీ మధ్య, చెయ్యి పట్టని సందులో పెట్టించండి. ఈ విషయంలో మన ఎలక్ట్రీషియన్లు అడక్కుండానే సహకరిస్తారు. ఎవరైనా స్విచ్చు కట్టేద్దామంటే "మళ్లీ వేస్తే చానళ్లు రావడానికి రెండు నిమిషాలు పడుతుంది" అనండి. అది నిజమే. రెండు నిమిషాలు ఆగలేకే ఏడాదికి అయిదు వందల పాతిక రూపాయలు కడుతున్నాం.

తెలంగాణలో ఉన్నవాళ్లకి ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి అర్హత ఉన్న ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. 200 దాటిందా, ఆ నెలకి జీరో లేదు, మొత్తం బిల్లూ కట్టాలి. సెట్‌టాప్ బాక్సు నెలకి ఏడు యూనిట్లు. 196 దగ్గర ఆగాల్సిన మీటరుని 203కి చేర్చడానికి ఆ ఏడూ సరిగ్గా సరిపోతాయి. ఆ నెల వెయ్యి రూపాయలు దాటిన కాగితం చేతికొచ్చినప్పుడు ఏం చెయ్యాలో మీకు తెలుసు. ఎవరి చార్జరు స్విచ్చు వేసి ఉందో వెతకండి.

గీజరు గురించి. పదిహేను లీటర్ల ట్యాంకులో నీళ్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి తేవడానికి 0.6 యూనిట్ కావాలి. ఒక్క ట్యాంకు. చార్జరు ఎనిమిది నెలలు గోడకున్నంత. సరే, స్నానానికి వేణ్ణీళ్లు కావాలి, దాన్నెవరూ కాదనరు. మన విద్య స్నానం అయ్యాక మొదలవుతుంది. స్విచ్చు అలాగే వదిలేస్తే ట్యాంకు గోడల్లోంచి వేడి మెల్లగా జారిపోతుంది, రెండు వేల వాట్ల కాయిల్ మళ్లీ అందుకుంటుంది, మళ్లీ జారిపోతుంది. ఇలా వాడకుండానే కారిపోయే వేడిని బట్టే కరెంటు పొదుపు లేబుళ్లిచ్చే కేంద్ర సంస్థ బీఈఈవాళ్లు గీజర్లకి నక్షత్రాలు వేస్తారు. మనకి నక్షత్రాలు ఆకాశంలో చాలు. ఏసీ సంగతికొస్తే, స్టార్ లేబులున్న ఏసీలు ఆన్ చెయ్యగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని 2020 నుంచి నిబంధన. దాన్ని వెంటనే 18కి దించి, బీరువాలోంచి రగ్గు తీసి కప్పుకోండి. టన్నున్నర ఏసీలో కంప్రెసర్ గంటసేపు ఆగకుండా నడిస్తే ఆ గంటలోనే చార్జరు సంవత్సరకాలం దాటిపోతుంది.

ఫ్యానుదీ అదే వరస. కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను ముప్ఫై వాట్ల చిల్లరతో అదే గాలి ఇస్తుంది. రోజుకి పన్నెండు గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే ఏడాదికి దాదాపు 200 యూనిట్లు మిగులుతాయి. కానీ దానికి మూడు వేల చిల్లర పెట్టాలి, నిచ్చెన ఎక్కాలి. చార్జరు పీకడానికి పైసా ఖర్చు లేదు, వంగితే చాలు.

ఇంత చెప్పినా కొందరికి బుద్ధి ఊరుకోదు. ఇంట్లో ఏది తాగుతోందో తేల్చుకోవాలనుకుంటారు. వాళ్లు ఏం చేస్తారో చెబుతాను, మీరు మాత్రం చెయ్యకండి. కరెంటు మీటరు మీద ఒక చిన్న ఎర్రలైటు మెరుస్తూ ఉంటుంది. దాని పక్కనే 3200 అనో మరొకటో అంకె రాసి ఉంటుంది, యూనిట్‌కి అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపామనుకున్నాక వెళ్లి ఆ లైటు దగ్గర నిలబడి, రెండు మెరుపుల మధ్య ఎంతసేపు పట్టిందో చూస్తారు. 3200 మీటరు నిమిషానికోసారి మెరిస్తే ఇంట్లో ఎక్కడో 19 వాట్లు పోతున్నట్టు. అర నిమిషానికోసారైతే 38. అప్పుడు ఒక్కొక్క ప్లగ్గే తీస్తూ దొంగని పట్టుకుంటారు. చార్జరు తీసినందుకు మెరుపుల్లో తేడా కనిపించడం కష్టం. పది పైసల ఖర్చు లేని ఈ పరీక్షతో ఇంటి పెద్దల పరువు పోతుంది గనక దీన్ని ప్రోత్సహించకూడదు.

పీకేటప్పుడు ప్లగ్గు పట్టుకుని పీకకండి, వైరు పట్టుకుని లాగండి. మన ఇళ్లలో ప్రతి సాకెట్టుకీ పక్కనే స్విచ్చుంటుంది, అది కట్టేస్తే సరిపోతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లకి ఆ అదృష్టం లేదు. అక్కడ గోడ సాకెట్టుకి స్విచ్చుండదు, ఆపాలంటే పీకాల్సిందే. మనం స్విచ్చుండీ పీకుతాం. రోజుకి నాలుగుసార్లు పీకి గుచ్చితే సాకెట్టు వదులవుతుంది, మెరుపులొస్తాయి, ఆ మూల నల్లబడుతుంది. వైరు మెడ దగ్గర తెగుతుంది. కొత్త కేబుల్ మూడు వందలు. పొదుపు చేసిన అయిదు రూపాయలు పోను నికరంగా ఎంత మిగిలిందో లెక్క వెయ్యొద్దని ముందే చెప్పాను.

ఇక బ్యాటరీ. చార్జరు చేసే నష్టం కరెంటు బిల్లులో లేదు. అయిదు వేల ఎంఏహెచ్ ఫోనుని రోజూ సున్నా నుంచి నిండా నింపినా, మధ్యలో పోయేది కూడా కలుపుకుని ఏడాదికి తొమ్మిది యూనిట్లు మించదు. యాభై నాలుగు రూపాయలు. అదే ఫోను బ్యాటరీ పాడైతే మార్చడానికి వేలల్లో అవుతుంది, చాలామంది బ్యాటరీకి బదులు ఫోనే మార్చేస్తారు. కాబట్టి డబ్బు నిజంగా తగలెయ్యాలనుకునేవాళ్లు శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. మూడు నాలుగేళ్లు నడవాల్సిన బ్యాటరీని ఏడాదిన్నరలో మధ్యాహ్నానికే చేతులెత్తేసే స్థితికి తేవడం మన లక్ష్యం.

అందుకు సంప్రదాయం ఎప్పుడో దారి చూపించింది. కొత్త ఫోనుని ఎనిమిది గంటలు చార్జింగు పెట్టాకే ఆన్ చెయ్యాలి. వాడేటప్పుడు పూర్తిగా దిగిపోయి, దానంతటదే ఆగిపోయేదాకా చార్జింగు పెట్టకూడదు. పెడితే నిండేదాకా తియ్యకూడదు. ఈ మూడు సూత్రాలూ నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలంలో పుట్టాయి. వాటిని సగంలో నింపితే ఆ సగమే గుర్తుపెట్టుకునే జబ్బు ఉండేది. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని బజార్లోకి తెచ్చింది, దానికి ఆ జబ్బు లేదు. ఆ బ్యాటరీకి దారివేసినందుకు 2019లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. వారిలో జాన్ గుడినఫ్‌కి అప్పటికి 97 ఏళ్లు, నోబెల్ అందుకున్నవాళ్లలో అందరికన్నా పెద్దవాడు. ఆయన అంతకాలం బతికి చూపించినా మనం నికెల్ కాడ్మియం ఆచారం వదల్లేదు. బ్యాటరీ రసాయనం మారిపోయింది, మడీ ఆచారం మిగిలింది.

లిథియం బ్యాటరీకి ఇబ్బంది రెండు కొసల దగ్గర. అడుగంటా దిగిపోవడం ఒకటి, నిండుగా ఉబ్బి కూర్చోవడం ఇంకొకటి. మధ్యలో, ఇరవైకీ ఎనభైకీ నడుమ తిరుగుతుంటే అది సుఖంగా ఉంటుంది. చార్జింగ్ సైకిల్ అంటే ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఒకటని కాదు. ఇవాళ సగం, రేపు సగం నింపితే రెండూ కలిపి ఒకటి. అందుకని చిన్నచిన్నగా ఎన్నిసార్లు పెట్టినా నష్టం లేదు. తమ ఐఫోన్ బ్యాటరీలు 500 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం సత్తా మిగుల్చుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, ఐఫోన్ 15 నుంచి ఆ అంకె 1000. ఇవన్నీ తెలిసినా మీరు ఒక్క శాతం మిగిలినప్పుడు కళ్లార్పకుండా చూస్తూ, ఫోను ఆరిపోయాక తృప్తిగా చార్జరు దగ్గరికి వెళ్లండి.

రాత్రి పడుకునేటప్పుడు చార్జింగు పెట్టి పొద్దున తియ్యడం మంచి అలవాటు. పదకొండింటికి పెడితే ఒంటిగంటలోపు నిండిపోతుంది. ఆ తర్వాత కరెంటు లోపలికి పోవడం ఆగిపోతుంది నిజమే, ఫోను అంత తెలివితక్కువది కాదు. కానీ నూరు శాతం దగ్గర, ఎక్కువ వోల్టేజీతో, తెల్లారేదాకా బ్యాటరీ బిగుసుకుని కూర్చుంటుంది. కాస్త దిగితే మళ్లీ కాస్త ఎక్కుతుంది. ఈ బాధ తప్పించడానికే ఐఫోన్లలో 2019 నుంచి ఒక ఏర్పాటుంది. మీరు లేచే వేళ కనిపెట్టి, 80 దగ్గర ఆగి, మిగతాది లేవబోయే ముందు నింపుతుంది. అసలు 80 దాటొద్దని చెప్పే సెట్టింగు కూడా ఐఫోన్ 15 నుంచి ఉంది, ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి అలాంటిదే ఏదో ఒక పేరుతో ఉంది. సెట్టింగుల్లో బ్యాటరీ అన్న చోటికి వెళ్తే అది కనబడే ప్రమాదముంది గనక అటు వెళ్లకండి.

ఇక్కడొక చిక్కుంది. ఇన్‌స్పెక్టరుగారు రాత్రి రెండింటికి బాత్రూముకి లేచి, దారిలో మీ చార్జరు స్విచ్చు కట్టేసి పోతుంటారు. పొదుపు కోసం చేసిన పనివల్ల ఒక్క పైసా మిగలదు గానీ, బ్యాటరీకి మాత్రం ఆ నాలుగైదు గంటల నిండుతనం తప్పుతుంది. పొద్దున ఇంట్లో గొడవ జరుగుతుంది. జరగనివ్వండి.

అన్నిటికంటే బలమైన ఆయుధం వేడి. ఈ విషయంలో రెంటచింతల, రామగుండం వాసులకి ప్రకృతే చెయ్యందిస్తుంది. బ్యాటరీల వాళ్లు తరచూ చూపించే ఒక పట్టిక ప్రకారం, 25 డిగ్రీల దగ్గర సగానికంటే కాస్త తక్కువ చార్జింగుతో దాచిన లిథియం బ్యాటరీకి ఏడాది తర్వాత 96 శాతం సత్తా ఉంటుంది. దాన్నే నిండా నింపి 40 డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే 65 మిగులుతుంది. వాడకుండానే. ఊరికే ఉంచితేనే. మే నెలలో మన ఇళ్లలో మేడమీది గది 40కి ఎప్పుడు తక్కువుంది? ఆ గదిలో, రబ్బరు పౌచ్ తియ్యకుండా, దిండు కింద పెట్టి చార్జింగు పెట్టండి. ఫాస్ట్ చార్జింగు అయితే ఇంకా మంచిది, అందులో పుట్టే వేడికి దిండు దుప్పటి కప్పినట్టవుతుంది. అదే సమయంలో వీడియో గేమ్ ఆడాలి, లేదా అమెరికాలో ఉన్న అబ్బాయితో గంటన్నర వీడియో కాల్ మాట్లాడాలి. తీగ లేని చార్జింగు పలక దొరికితే వదలకండి, అందులో కొంత కరెంటు ఫోనుకి చేరకుండానే వేడిగా పోతుంది, ఆ వేడి కూడా ఫోను వీపుకే తగులుతుంది. కారులో వెళ్లేవాళ్లు డాష్‌బోర్డు మీద ఎండ నేరుగా పడేచోట తగిలించి, మ్యాపు పెట్టి, చార్జింగు పెట్టి, బండి ఆపాక ఫోను అందులోనే మరచిపోతే అన్ని మార్కులూ వస్తాయి.

బైకు హ్యాండిల్‌కి ఫోను బిగించుకుని, నడుముకున్న పవర్‌బ్యాంకు నుంచి తీగ లాక్కుని, మిట్టమధ్యాహ్నం బిర్యానీ తెచ్చిచ్చే కుర్రాళ్లకి ఈ సలహాలు అక్కర్లేదు. వాళ్ల ఉద్యోగమే వాళ్లచేత ఇవన్నీ చేయిస్తుంది. ఆ బ్యాటరీ అరుగుదల మనం యాప్‌లో కట్టే డెలివరీ చార్జీలో ఎక్కడుందో నాకు కనబడలేదు.

ఫోను కాలిపోతోందని తెలిశాక చల్లార్చే పద్ధతీ ఉంది. ఫ్రిజ్‌లో, పెరుగుగిన్నె పక్కన పెట్టండి. చల్లబడటం సంగతి తర్వాత, బయటికి తియ్యగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది, ఆ చెమ్మ బ్యాటరీ కంటే ముందు బోర్డునే పట్టుకుంటుంది. పౌచ్ తీసి, చార్జరు తీసి, ఫ్యాను కింద పదినిమిషాలు ఉంచడం వల్ల పనైపోతుంది గానీ అందులో మజా లేదు.

చార్జరు పాడైనప్పుడు పెట్టెలో వచ్చిందే కావాలని పట్టుబట్టకండి. ఈమధ్య చాలా ఫోన్ల పెట్టెల్లో అది రానేరాదు. ఫుట్‌పాత్ మీద నూట యాభైకి '120 వాట్స్' అని రాసున్నది దొరుకుతుంది. చేతిలో పెట్టి చూస్తే ఈకలా తేలిపోతుంది, లోపల ఉండాల్సినవేవీ లేనందుకే ఆ తేలిక. నిజానికి పెద్ద వాట్ల చార్జరు పెడితే ఫోను పాడైపోతుందన్న భయం అనవసరం, ఎంత కావాలో ఫోనే అడిగి తీసుకుంటుంది, ఇవ్వగలిగినంత చార్జరు ఇస్తుంది. ఆ సంభాషణ జరగాలంటే రెండువైపులా నిజాయితీ ఉండాలి. మన దేశంలో అడాప్టర్లకి, వస్తువుల ప్రమాణాలు చూసే బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి, చార్జరు మీద చిన్న అక్షరాల్లో ఆర్ అనే అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరు తయారుచేశారో తెలిసిపోతుంది. తెలిస్తే బేరం పాడవుతుంది. కొట్టకండి.

బ్యాటరీ త్వరగా దిగిపోతోందని బాధపడేవాళ్లు యాప్‌లని వేలితో పైకి తోసి చంపుతూ ఉండాలి. చంపిన యాప్‌ని మళ్లీ తెరిచినప్పుడు అది మొదటినుంచీ బతకడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, వేలికీ వ్యాయామం. సిగ్నల్ ఒక గీత కూడా లేని ఘాట్ రోడ్డులో, రైల్లో, ఫ్లైట్ మోడ్ పెట్టకండి. టవరు కోసం ఫోను గొంతు చించుకుని అరుస్తూ ఉంటే చార్జింగు ఎంత వేగంగా దిగుతుందో చూడటం కూడా ఒక కాలక్షేపం.

ఒక్క విషయంలో వెటకారం పక్కన పెడుతున్నాను. ఫోను వీపు ఉబ్బినా, తెర ఒక పక్క లేచినా అది బ్యాటరీలో గ్యాసు చేరడం. దాన్ని చార్జింగు పెట్టొద్దు, నొక్కి సరిచెయ్యొద్దు, సూదితో పొడవొద్దు, "ఇంకో నెల లాగుతుందిలే" అనొద్దు. ఆపేసి, మంట అంటుకునే వస్తువులేవీ లేని చోట పెట్టి, బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి. చెత్తబండిలో వెయ్యొద్దు, చెత్త నొక్కే యంత్రంలో ఇవి అంటుకుంటాయి. పిల్లలకి ఆడుకోవడానికి ఇవ్వొద్దు. సరే, మళ్లీ మన దారిలోకి వద్దాం.

పాత ఫోను ఎలా దాచాలన్నది చివరి పాఠం. కొత్తది కొన్నాక పాతదాన్ని అమ్మకండి, ఎవరికీ ఇవ్వకండి, పనికొస్తుంది. నిండా నూరు శాతం చార్జింగు పెట్టి ఇనప బీరువాలో ఎండ తగిలే గోడవైపు పెట్టండి. లేదంటే పూర్తిగా ఆరిపోయినదాన్ని అలాగే పడెయ్యండి, ఏడాది తర్వాత అది ఎంత చార్జింగు పెట్టినా లేవనంత లోతుకి దిగిపోతుంది. సగం చార్జింగుతో ఆపి చల్లనిచోట ఉంచితే పాడవదు, అప్పుడు దాన్ని ఎవరికో ఇవ్వాల్సొస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం పాత సామాను రీసైక్లింగుకి చేర్చే బాధ్యత తయారీదారుల మీద ఉంది. వాళ్లకి మీ బీరువాలోకి వచ్చే దారి తెలియదు, మీరూ చెప్పకండి.

చార్జర్ల సొరుగుని కూడా ఇలాగే కాపాడుకోవాలి. యూరప్‌లో 2024 డిసెంబరు నుంచి కొత్త ఫోన్లన్నిటికీ టైప్ సీ పోర్టే ఉండాలని చట్టం వచ్చింది, మన బీఐఎస్ కూడా 2023లోనే ఆ పోర్టుకి ప్రమాణం ప్రకటించింది. ఇంటికి ఒకటి రెండు చార్జర్లు చాలే రోజులొచ్చేశాయి. అయినా సొరుగులో ఉన్నవేవీ తియ్యకండి. పసుపుపచ్చబడిన తెల్లవి, తీగకి టేపు చుట్టినవి, ఏ ఫోనుతో వచ్చాయో తెలియనివి, కెమెరాదో ట్రిమ్మరుదో తేలనివి, అన్నీ ఉండాలి. వాటిలో నోకియా సన్నపిన్ను చార్జరొకటి ఉంటుంది, అది ఇప్పుడు ఇంట్లో ఏ ఫోనుకీ పట్టదు. ఎవరైనా పారేద్దామంటే, "దాన్నెక్కడ పెట్టారో ఒకసారి చూపించండి" అని అడిగి, తీసి, తుడిచి, పనిచేస్తోందో లేదో గోడకి పెట్టి చూసి, మళ్లీ సొరుగులో పెట్టెయ్యండి.